నీళ్ళ రీడింగ్

పెట్టె విప్పిన రోజున, యంత్రానికి గంధం బొట్టు ఎక్కడ పెట్టాలన్న దాని మీదే అరగంట గడిచింది.

"అద్దం జోలికి మాత్రం పోవద్దు," అన్నాడు మార్కండేయులు రెండు చేతులూ అడ్డం పెట్టి. "కింద ఇనుప కాళ్ళున్నాయి. అక్కడ ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోండి."

"కాళ్ళకి పసుపు రాస్తారు గానీ బొట్టు పెడతారట్రా?" అంది అతని అక్క హైమవతి. "పోనీ నడుముకి పెడతాను. నీ యంత్రం సిగ్గుపడదు కదా?"

కాకినాడలో ఒక మేడ మీద, రెండో అంతస్తులో, స్మృతి రక్షణ కేంద్రం ఆ పూటే మొదలవుతోంది. మతిమరుపు జబ్బు బయటపడడానికి ఏడెనిమిదేళ్ళ ముందే దాన్ని కంట్లో కనిపెట్టే యంత్రం అది. మార్కండేయులు పదకొండేళ్ళు కష్టపడి దాన్ని తయారు చేశాడు. ఆ పదకొండేళ్ళూ ఇల్లు నడిపింది అతని భార్య సువర్చల. ఆవిడ ఇప్పుడు ఒక పక్కన నిలబడి కొబ్బరికాయ పీచు ఒలుస్తోంది.

కొలత కోసం కన్ను ఎదురుగా పెట్టే చోట, చేతి గడియారం డయలంత గుండ్రటి అద్దం ఉంది. దాని మీద గీతలు పడకుండా, అద్దం చేసినవాళ్ళు పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపారు. చెబితే తప్ప ఉన్నట్టు తెలియదు. మార్కండేయులు దాని అంచు దగ్గర గోరు పెట్టి, "తీసెయ్యనా?" అన్నాడు ఎవరినీ చూడకుండా.

"ఉండనివ్వండి," అంది సువర్చల. "రోజూ ఇంతమంది ముక్కులూ, ఊపిర్లూ. పొర మాసిపోయాక తీస్తే అప్పుడు అద్దం కొత్తగా ఉంటుంది."

ఆవిడ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద పొర తొమ్మిదేళ్ళుగా ఉంది. వాషింగ్ మెషీన్ మీటల మీదా ఉంది, గోడ గడియారం మీదా ఉంది. మార్కండేయులు ఆ పొరల మధ్యనే తిరిగి, ఆ పొరల మధ్యనే భోంచేసి, అవి లేని వస్తువు ఎలా ఉంటుందో మరిచిపోయిన మనిషి. "అదీ నిజమే," అని గోరు వెనక్కి తీసుకున్నాడు. పైన ఇత్తడి రింగు పెట్టి మర బిగించాడు. పొర అంచులు రింగు కిందకి పోయాయి.

పత్రికలవాళ్ళు వచ్చారు. మార్కండేయులు దీపానికి ఎదురుగా ఒక నల్ల అద్దం ముక్క పట్టుకున్నాడు.

"తాడుని పైకీ కిందకీ ఊపితే అల పైకీ కిందకీ పోతుంది. పక్కలకి ఊపితే పక్కలకి పోతుంది. వెలుగూ అంతే. మామూలు వెలుగు అన్ని వైపులా ఊగుతుంది. ఈ అద్దం ఒక్క వైపు ఊపునే పోనిస్తుంది." దాని మీద రెండో నల్ల అద్దం పెట్టి మెల్లగా తిప్పాడు. దీపం మసకబారి, మాయమైంది. "ఇలా ఒకే వైపు ఊగే వెలుగుని కంట్లోకి పంపుతాం. కంటి వెనక నరాల పొరని తాకి తిరిగొచ్చేసరికి ఆ ఊపు కాస్త పక్కకి తిరుగుతుంది. ఎన్ని డిగ్రీలు తిరిగిందో కొలుస్తాం. పన్నెండు దాటితే జబ్బు మొదలైనట్టు."

మొదటి కన్ను ఎవరిది అని అడిగారు. "మా అక్కది," అన్నాడతను గర్వంగా.

హైమవతి ముప్పై ఒక్క సంవత్సరాలు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసింది. ఊళ్ళో ఏ నంబరు అడిగినా డైరెక్టరీ తిప్పకుండా చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముణ్ణి ఆ జీతంతోనే చదివించింది. ఇప్పుడు అరవై నాలుగేళ్ళు.

"ఎమ్మే డిగ్రీ ఒకటి ఉంది నాకు. ఇప్పుడు ఇంకోటి ఇస్తావా?" అంటూ గడ్డం బల్ల మీద ఆనించింది.

తెర మీద అంకె పడింది. పద్నాలుగు.

కెమెరా ఒకటి టక్కుమంది.

"ఎంతొచ్చిందిరా? పద్నాలుగా? ఒక్కసారే పద్నాలుగు డిగ్రీలు!" అంది హైమవతి తల ఎత్తి. "అయితే కాకినాడలో నాకంటే చదువుకున్నది లేదన్నమాట." అందరి మొహాలూ చూసి, కొంగు సర్దుకుంది.

ఆ తర్వాత మార్కండేయులు కూడా కూర్చున్నాడు. అతనికి నాలుగు వచ్చింది.

*

పన్నెండు దాటినవాళ్ళకి నెలకొకటి చొప్పున వెన్నులో తొమ్మిది సూదులు. మరుసటి రోజు పత్రికలో, సొంత అక్కకే మొదటి చికిత్స అని పెద్దక్షరాలతో వేశారు. మార్కండేయులు ఆ ముక్క కత్తిరించి కేంద్రం గోడకి అంటించాడు.

సువర్చల మందు పెట్టెలోని కాగితం మడత విప్పి చివరిదాకా చదివింది. ఇంట్లో ఏ కాగితాన్నీ చదవకుండా పారేసే అలవాటు ఆవిడకి లేదు. జబ్బు ఉన్న నరాలని ఈ మందు నిలబెడుతుందనీ, ఆరోగ్యంగా ఉన్న నరాలని మొద్దుబారుస్తుందనీ, పన్నెండు లోపువాళ్ళకి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదనీ ఉంది.

మొదటి సూదికి ముందు రోజు ఆవిడ అటక మీంచి పాత ఫోన్ డైరీ దింపింది. అందులోంచి ఇరవై పేర్లు ఏరింది.

"వదినా, జగన్నాథపురం రైస్ మిల్లు?"

"రెండు మూడు నాలుగు ఒకటి ఆరు. వాళ్ళావిడ రోజూ పదకొండింటికి వాళ్ళమ్మకి ట్రంక్ కాల్ చేసేది. ఎందుకే, మిల్లుతో నీకేం పని?"

"ఊరికే. మెయిన్ రోడ్డు మందుల షాపు?"

ఇరవైకి ఇరవై. సువర్చల పొడుగు నోటుపుస్తకంలో తేదీ వేసి, పైన 'నీళ్ళ రీడింగ్' అని రాసుకుంది.

ఆవిడ బీయెస్సీ చదివిన మహిళా కళాశాలలో, గాజు గొట్టంలో చక్కెర నీళ్ళు పోసి వెలుగు ఎంత తిరుగుతుందో చూసే ప్రాక్టికల్ ఉండేది. లెక్చరర్ రత్నమాల మేడం, ముందుగా ఉత్త నీళ్ళు పోసి రీడింగ్ తీసుకోని రికార్డుని కిటికీలోంచి బయటకి విసిరేసేది. "చక్కెర నిజం చెప్తోందో, మీ గొట్టమే అబద్ధం చెప్తోందో నాకెలా తెలుస్తుందమ్మాయిలూ?" అనేది. సువర్చల ఆ తర్వాత ఏ ఉద్యోగమూ చేయలేదు. కానీ పాలవాడి కొలపాత్రని కూడా మొదటి రోజే నీళ్ళు పోసి చూసింది.

రెండో సూది తర్వాత ఇరవై నంబర్లలో పద్దెనిమిది వచ్చాయి. మూడో దానికి పదిహేను, నాలుగో దానికి పదకొండు.

ఆ పద్నాలుగు అనే అంకె ఇంట్లోకి వచ్చాక హైమవతి ఏం చేసినా రోగమే అయింది. చారులో ఉప్పు మరిచిపోతే పక్కింటావిడ నిట్టూర్చేది. కళ్ళజోడు తల మీద పెట్టుకుని వెతుక్కుంటే మార్కండేయులు భార్య వైపు చూసి కనుబొమలు ఎగరేసేవాడు. అదే మార్కండేయులు స్కూటరు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా తిరిగితే, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకుని కేంద్రానికి పోతే, అందరూ నవ్వేవాళ్ళు. శాస్త్రవేత్త కదా మరి.

"మా తమ్ముడికి ఆలోచనలెక్కువ, నాకు డిగ్రీలెక్కువ," అనేది హైమవతి. అయిదో సూది తర్వాత ఆ మాట అనడం కూడా మానేసింది.

ఆరో సూది అయిన వారం సువర్చల నోటుపుస్తకం తెచ్చి భర్త ముందు పెట్టింది. "ఆరు వచ్చాయండీ. ఇరవైలో."

"జబ్బు ముదురుతోంది. సూదులే లేకపోతే ఆ ఆరూ ఉండేవి కావు."

"సూదికి ముందు ఇరవై వచ్చాయి కదా."

"జబ్బు అప్పటికే లోపల ఉంది. పైకి కనిపించదు గనకనే కదా యంత్రం చేసింది! నువ్వు ఫోన్ నంబర్లతో మెదడు కొలుస్తానంటే నేనేం చెప్పను?"

"మీ యంత్రానికి నీళ్ళ రీడింగ్ ఎప్పుడు తీసుకున్నారు?"

అతను నవ్వాడు. "రోజూ పొద్దున్నే. లోపలే చిన్న అద్దం ఉంది, దాని మీద వెలుగు వేసి సున్నా చూసుకుంటాం. ఒక్క రోజూ తేడా రాలేదు. పైగా ఎనిమిది వందల మందిని కొలిచాం. వాళ్ళ సగటు ఎంత రావాలో అంతే వచ్చింది, అచ్చు గుద్దినట్టు."

సువర్చల పుస్తకం మూసింది. లోపలి అద్దం అన్న మాట ఆవిడకి ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో తెలియలేదు.

*

సూదికి ముందు వచ్చే శనివారం మళ్ళీ కంటి కొలత ఉండేది. ఏడో సూదికి ముందు శనివారం హైమవతికి ఇరవై రెండు వచ్చింది. కళ్ళలో చుక్కలు వేస్తారు గనక, ఎండ తగలకుండా కేంద్రంవాళ్ళు నల్లకళ్ళజోడు ఇచ్చి పంపారు. మధ్యాహ్నం ఆవిడ అది పెట్టుకునే టీవీ ముందు కూర్చుంది.

సువర్చల వాషింగ్ మెషీన్ తుడుస్తుంటే, మీటల మీది పొర ఒక మూల లేచి, మొత్తం ఊడి చేతికి వచ్చింది. పారేయబుద్ధి కాలేదు. ఎక్కడైనా చిరిగిందేమో చూద్దామని, టీవీ వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది.

"అబ్బ!" అంది హైమవతి. "ఏం రంగులే! ఎర్రా, ఆకుపచ్చా... ఆ చీర ఎక్కడ కొన్నావు?"

"చీరేమిటి వదినా? ఇది ఉత్త ప్లాస్టిక్ పొర. తెల్లగా ఉంది."

"తెల్లగా ఏమిటే? కళ్ళు నాకు పోయాయా, నీకు పోయాయా?"

ఆరు నెలల కిందటైతే సువర్చల ఆ మాటకి నవ్వేది. నెల కిందటైతే, మనసులో ఇంకో నంబరు తగ్గించుకునేది. ఆ రోజు మాత్రం వెళ్ళి, వదిన కళ్ళజోడు తీసి తను పెట్టుకుంది.

పొర నిండా రంగులు. మెల్లగా తిప్పింది. ఎరుపు ఆకుపచ్చయింది, ఆకుపచ్చ నల్లబడింది. టీవీ తెర వెలుగు ఒకే వైపు ఊగే వెలుగు. నల్లకళ్ళజోడు ఒకే వైపు ఊపుని పోనిచ్చే అద్దం. మధ్యలో ఈ పొర ఆ ఊపుని పట్టుకుని ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తోంది. వట్టి కంటికి ఏమీ లేదు.

ఇత్తడి రింగు, దాని కిందకి పోయిన పొర అంచులు, అతని గోరు, తన చేతిలో సగం ఒలిచిన కొబ్బరికాయ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చాయి. పొద్దున్నే సున్నా చూసుకునే అద్దం లోపల ఉంది. పొర బయట ఉంది. చక్కెరని ఒక గొట్టంలో పోసి, నీళ్ళని ఇంకో గొట్టంలో పోసి చూసుకున్నారు ఇన్నాళ్ళూ.

'ఉండనివ్వండి' అన్నది తనే.

"నా కళ్ళజోడు నాకియ్యి," అంది హైమవతి. "చీర బాగుంది. నాకూ ఒకటి కొను."

*

ఆదివారం కేంద్రానికి సెలవు. మార్కండేయులు తాళం తీశాడు. వెనక సువర్చల, ఆవిడ చెయ్యి పట్టుకుని హైమవతి. దారంతా అతను ఒక్క మాటే అన్నాడు: "పొర సంగతి నాకు తెలియదా? అంత పల్చటిది ఏం చేస్తుంది?" నాలుగు సార్లు అన్నాడు.

సువర్చల రూపాయి బిళ్ళతో ఇత్తడి మర తిప్పింది. పొర అంచుకి గోరు పెట్టి, చిరగకుండా ఒలిచి, టిఫిన్ క్యారియరు మూత లోపలి వైపు అంటించి పెట్టుకుంది.

"వదినా, గడ్డం ఇక్కడ పెట్టు."

"ఎన్నిసార్లు పెట్టించుకుంటారే నా గడ్డం?"

పదమూడు వచ్చింది.

మార్కండేయులు వంగి తెర దగ్గరగా చూశాడు. సువర్చల కాగితం మీద రాస్తూ పైకి చదివింది. "నిన్న పొరతో ఇరవై రెండు. ఇవాళ పొర లేకుండా పదమూడు. పొర తొమ్మిది కలిపింది. అదే కన్ను, అదే పొర. మొదటి రోజు పద్నాలుగులోంచి తొమ్మిది తీసేస్తే?"

అతను తెర అంచుని వేలితో తుడిచాడు.

"అయిదండీ."

"సగటు సరిగ్గా వచ్చింది కదా," అన్నాడతను. ఆవిడతో కాదు, గోడతో అన్నట్టు.

"ఒక్కొక్కరి కన్ను ఒక్కో వాటంలో ఉంటుందని మీరే చెప్పారు. పొర కొందరికి కలుపుతుంది, కొందరికి తీసేస్తుంది. సగటుకేం తెలుస్తుంది?"

హైమవతి కుర్చీలోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. అంతా పోయినా, ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో వినడం ఆవిడకి పోలేదు. అది ఉద్యోగం నేర్పిన విద్య.

"ఒరే మార్కండూ. అయితే నేను ఫెయిలవలేదన్నమాట."

అతను అక్క వైపు తిరగలేదు. తెర మీద పదమూడు ఇంకా వెలుగుతోంది. దాన్ని చూస్తుంటే అతని మొహం మెల్లగా తేటపడడం సువర్చల గమనించింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మొహం మీద ఆవిడ చూసినవాటిలో అంత భయం పుట్టించింది ఇంకోటి లేదు.

"ఇప్పుడు పదమూడు ఉంది కదా," అన్నాడు. "పన్నెండు దాటింది. పొర లేకుండానే దాటింది. అంటే ఇప్పుడు జబ్బు ఉన్నట్టే. గురువారం సూది ఆపితే తప్పు."

"సూది వల్ల వచ్చినదానికి సూదే మందా?"

"కొలత ఏం చెప్తే అది. అయిదని నువ్వు లెక్కేశావు, యంత్రం చెప్పలేదు." అతను లేచి పచార్లు మొదలుపెట్టాడు. "ఆ పొర మళ్ళీ పెట్టెయ్యాలి. రేపు పొద్దున ఎవరైనా మళ్ళీ కొలిపించుకుంటే అంకె మారిపోతుంది. ఎనిమిది వందల మంది, సువర్చలా. మూడు వందల పన్నెండు మంది సూదులు వేయించుకుంటున్నారు. నన్ను వీధిలో చంపేస్తారు."

క్యారియరు మూత మీంచి పొర తీసి అతనే అంటించబోయాడు. మధ్యలో పెద్ద బుడగ పడింది. పీకి మళ్ళీ పెట్టాడు. రెండు బుడగలు.

"నీకు బాగా వచ్చు కదా ఈ పని," అన్నాడు.

వచ్చు. వీధిలో ఎవరు కొత్త ఫోను కొన్నా, పొర అంటించడానికి సువర్చల దగ్గరకే తెస్తారు.

ఆవిడ హైమవతిని చూసింది. ఆరు నంబర్లు మిగిలాయి. రైల్వే స్టేషను, పెద్దాసుపత్రి, రైస్ మిల్లు, ఇంకో మూడు. గురువారం తర్వాత ఎన్ని ఉంటాయో నోటుపుస్తకం చూసి చెప్పవచ్చు. బయట మూడు వందల పన్నెండు మంది ఉన్నారు. వాళ్ళ పేర్లు ఆవిడకి తెలియవు. తెలియకపోవడం ఆ క్షణాన మేలయింది.

"వదిన ఫైలు తియ్యండి," అంది. "చికిత్స పూర్తయింది, ఇక సూదులు అక్కర్లేదు అని రాసి సంతకం పెట్టండి. అప్పుడు అంటిస్తాను."

"ఆరు సూదులకే పూర్తయిందని ఎలా రాస్తాను?"

"అయితే పొర చింపేస్తాను."

అతను రాశాడు. ఆవిడ తేదీ చూసి, సంతకం చూసి, సిరా ఆరేదాకా ఆగి, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఎటువైపు ఉండేదో తెలియాలి కదా మరి," అన్నాడు మార్కండేయులు. పని మొదలయ్యేసరికి గొంతు మామూలుగా అయింది. "పొర ఏ వాటంలో ఉంటే అంకె ఆ వాటంలో మారుతుంది. నేను కూర్చుంటాను. నాది నాలుగు. అద్దానికి ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పు, నాలుగు వచ్చిన చోట అంటించెయ్యి."

అతను గడ్డం ఆనించాడు. కంటికీ అద్దానికీ మధ్య జానెడు ఖాళీ. తెర అతనికి కనిపించదు, సువర్చల వైపు తిరిగి ఉంది.

పొర ఇంకా ఆవిడ వేళ్ళ మధ్యనే ఉంది. అద్దం ఉత్తగా ఉంది. తెర మీద అంకె పడింది.

పంతొమ్మిది.

ఫ్రిజ్‌లో తాళాలు. రెండు రకాల చెప్పులు. దారిలో నాలుగు సార్లు అదే మాట.

"ఎంత?" అన్నాడతను, కన్ను కదపకుండా.

"ఇంకా పెట్టలేదండీ."

ఆవిడ పొరని అద్దానికి అడ్డం పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు. ఇరవై. పదమూడు. ఏడు.

"చెప్పవేం?"

"నాలుగు."

"అక్కడే! అక్కడే ఉంచు."

సువర్చల ఇంకా కొంచెం తిప్పి చూసింది. రెండయింది. ఇంకొంచెం తిప్పితే మళ్ళీ నాలుగు. "రెండు చోట్ల నాలుగు వస్తోంది. పాతది ఏదో ఎలా తెలుస్తుంది?"

"ఏదో ఒకటి! అంటించు!"

ఆవిడ ఒక అంచు ఆనించి, ఎండిన మెత్తటి గుడ్డతో మధ్య నుంచి చివరకి రాస్తూ పోయింది. ఒక్క బుడగ లేదు. రింగు పెట్టి మర బిగించింది.

"అయిపోయిందా?" అంది హైమవతి. "కాజాలు కొనుక్కుని పోదాం."

*

సోమవారం సువర్చల భోజనం క్యారియరు తీసుకెళ్ళేసరికి, యంత్రం బల్ల ముందు స్కూలు బస్సు డ్రైవరు గవర్రాజు కూర్చుని ఉన్నాడు. స్కూలువాళ్ళు కేంద్రం చీటీ ఉంటేగానీ బస్సు ఇవ్వం అన్నారట.

"ఆయ్, ఈ బల్ల మీద గడ్డం పెట్టాలాండీ? మా క్షౌరం షాపే నయమండీ, వెనక్కి ఆనుకోమంటాడు." ఆవిణ్ణి చూసి లేవబోయాడు. "అమ్మగారూ, పాసయితే మీకు అరకేజీ కాజాలండీ."

"కదలకు," అన్నాడు మార్కండేయులు.

పదిహేను.

"పదిహేనాండీ? మంచిదే కదండీ? పోయినసారి మా బావమరిదికి ఆరే వచ్చిందండీ. ఎక్కువొచ్చినట్టే కదండీ నాకు?"

మార్కండేయులు ఫైలులో రాసుకుంటున్నాడు. గవర్రాజు సువర్చల వైపు తిరిగి, నవ్వుమొహంతోనే జవాబు కోసం చూశాడు. అతనికి నీళ్ళ రీడింగ్ ఎవరూ తీసుకోలేదు. ఆవిడ క్యారియరు బల్ల మీద పెట్టి, గిన్నెలు సరిగ్గా మూసి ఉన్నాయో లేదో ఒకసారి చూసి, మెట్లు దిగి వచ్చేసింది.

*

గురువారం వెళ్ళిపోయింది. సూది లేదు. నెల తిరిగాక డైరీ తీసి అడిగితే హైమవతికి ఆరే వచ్చాయి. తగ్గలేదు. రైస్ మిల్లు నంబరు చెప్పి, "వాళ్ళావిడ..." అని ఆగి, "వాళ్ళావిడ ఏం చేసేదే?" అంది.

"రోజూ పదకొండింటికి వాళ్ళమ్మకి ఫోన్ చేసేది వదినా."

"అదే. మంచి పిల్ల."

సువర్చల ఆరు అని రాసి పేజీ తిప్పింది. కొత్త పేజీలో తేదీ వేసింది. పైన భర్త పేరు రాసింది. దాని కింద 'నీళ్ళ రీడింగ్' అని రాసి, అడుగున గీత గీసింది.

మార్కండేయులు సాయంత్రం కాఫీకి కూర్చున్నాడు. కొత్త యంత్రాలు ఇంకో మూడు ఊళ్ళకి పంపుతున్నారు. అద్దాల మీద అలాంటి పొరే అంటించి, తన నాలుగుతో సరిచూసి పంపాలని అతను కాగితాలు రాస్తున్నాడు.

"ఏమండీ, మనం సర్పవరంలో అద్దెకున్నప్పుడు ఫోన్ నంబరు ఎంత?"

"ఇదేం ప్రశ్న ఇప్పుడు?" అని నవ్వి, నాలుగంకెలు చెప్పాడు. అయిదో అంకె కోసం కప్పు పట్టుకుని కాసేపు గోడ వంక చూశాడు. "పాతది కదా. పోనీలే. మా కాలేజీ హాస్టలుది అడుగు."

అడిగింది. ఇరవై ప్రశ్నలూ అడిగింది. మధ్యలో ఒకసారి తాళాలు ఎక్కడ పెట్టానని లేచాడు. కూర్చున్నాక, సర్పవరం నంబరు అడగమన్నాడు.

మందు పెట్టెలోని కాగితం ఆవిడ అలమరలోనే ఉంది, మడతలు పడ్డచోట చిరగకుండా అట్ట మీద అతికించి. జబ్బు ఉన్నవాళ్ళని ఆ మందు నిలబెడుతుంది. మొదట్లోనే వేస్తే బాగా నిలబెడుతుంది. ఇంకో నెల ఆగితే కొంచెం తక్కువగా. అది కూడా అందులోనే ఉంది, కింద చిన్నక్షరాలలో.

పక్క గదిలోంచి హైమవతి ఎవరితోనో, "నంబర్ ప్లీజ్," అంటోంది. గదిలో ఎవరూ లేరు.

సువర్చల పదకొండు అని రాసింది. పెన్ను మూత పెట్టింది.

"ఎంతొచ్చింది నాకు?" అన్నాడు మార్కండేయులు, కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

"మీకేం ఫర్వాలేదండీ," అంది ఆవిడ. "మీవి నాలుగే కదా."